పడవలో దిండు పోయిన కథ

పిల్లలూ, దుబాసీ అంటే ఎవరో మీలో ఎవరైనా చెప్పగలరా? తెలియదా? తెలియదని ఒప్పుకున్నారు, సంతోషం. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరి మధ్య నిలబడి, ఈయన మాట ఆయనకీ ఆయన మాట ఈయనకీ చెప్పేవాణ్ణి దుబాసీ అంటారు. ఇది ఒక దుబాసీ కూతురి కథ.

అనగనగా సముద్రం ఒడ్డున ముత్యాలరేవు అనే పట్నం. ఆ రేవుకు యవన దేశపు ఓడలు వచ్చేవి. యవనులంటే గ్రీకులేనర్రా. ఆ పట్నంలో సలోమి అనే ఆవిడ ఉండేది. ఆవిడ తండ్రి రేవులో దుబాసీ. చిన్నప్పటి నుంచీ ఆయన పక్కన కూర్చుని ఆవిడ కూడా యవన భాష నేర్చుకుంది.

తండ్రి ఎప్పుడూ ఒక మాట అనేవాడు. "అమ్మడూ, దుబాసీ ఇద్దరి ఎదుటా మాట్లాడాలి. ఒకణ్ణి గుమ్మం బయట నిలబెట్టి రెండోవాడికి అర్థం చెప్పేవాడు దొంగ దుబాసీ."

సువార్తను, అంటే ప్రభువు కథను, మొట్టమొదట రాసింది యవన భాషలో. ముత్యాలరేవు జనం చదివేది తెలుగులో. మూలం ఎలా ఉందో వాళ్ళెవరూ చూసి ఎరుగరు. అది ప్రార్థన మందిరం పెద్దయ్యగారి పెట్టెలో ఉండేది. పెట్టె తాళంచెవి పెద్దయ్యగారి మొలతాడుకు ఉండేది.

సలోమికి ఇది నచ్చలేదు. ఒక యవన నావికుడు ఆవిడ తండ్రికిచ్చి వెళ్ళిన మూలం నకలొకటి ఇంట్లో ఉంది. దాన్ని ముందు పెట్టుకుని కూర్చుంది. ఎడమ వైపు యవనం, కుడి వైపు తెలుగు, వరసకు వరస ఎదురెదురుగా. అడుగున కఠినమైన మాటలకు వివరం. అంచున చదివేవాళ్ళు తమ సందేహాలు రాసుకోవడానికి కాస్త ఖాళీ జాగా. ఇలా ఒక్కొక్క పుటా తీర్చేసరికి ఆవిడ జుట్టు నెరిసింది.

పుస్తకం పూర్తయింది. ఇక అచ్చు వేయించాలి.

మొదట అచ్చుశాల కుంభయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన కాగితాలు తిరగేసి మొహం చిట్లించాడు.

"ఇదేం కుదురుతుందమ్మా! వాళ్ళ అక్షరాలకు నెత్తిన గురుతులు, మన అక్షరాలకు కాళ్ళ కింద వత్తులు. పక్కపక్కన పేరిస్తే వరస తప్పుతుంది. ఆ యవనం తీసెయ్. సగం కాగితం మిగులుతుంది, సగం తలనొప్పీ తగ్గుతుంది."

"ఇద్దరు పొడుగువాళ్ళు ఒక మంచం మీద పడుకోవాలంటే మంచం పెంచుతారు కానీ కాళ్ళు నరుకుతారా, కుంభయ్యా? వరసల మధ్య ఎడం పెంచు."

"నా మంచం ఇంతే."

"అయితే నీ మంచం మీద నువ్వే పడుకో," అని కాగితాలు చంకన పెట్టుకుని లేచింది.

రెండోసారి నగల వర్తకుడు రత్నస్వామి దగ్గరికి వెళ్ళింది. ఆయన ఊయల ఊగుతూ అన్నాడు.

"చూడు తల్లీ, ఖర్చంతా నాది. ఈ అంచులన్నీ ఊరికే ఖాళీగా ఉన్నాయి కదా, పుటపుటకూ మా వంశం గొప్పదనం వేయించు. చదువుతున్నంతసేపూ జనం మమ్మల్ని తలుచుకుంటారు."

"అది జనం ప్రశ్నలకు విడిచిన జాగా, స్వామీ."

"ప్రశ్నలు ఎవడికి కావాలమ్మా?"

"ప్రశ్నంటే భయం లేనివాళ్ళకి!" అని ఆవిడ మెట్లు దిగిపోయింది.

మూడోసారి పెద్దయ్యగారి దగ్గరికే వెళ్ళింది. ఆయన పేరు జెకర్యా. బాగా చదువుకున్నవాడే, కోపం మాత్రం ముక్కు మీద ఉండేది.

"తెలుగు వరకు వెయ్యి. నా ముద్ర కొడతాను. మూలం జనానికెందుకు? అర్థం చెప్పడానికి మేం లేమా?"

"ఉన్నారు, అయ్యగారూ. మీరు చెప్పేది సరో కాదో చెప్పడానికి ఎవరున్నారు?"

పెద్దయ్యగారి మొహం ఎర్రబడింది. "నా ముద్ర లేని పుస్తకం ఈ పట్నంలో ఎవరు వేస్తారో చూస్తాను!"

"చూడండి. నేనే వేస్తాను," అంది సలోమి.

అన్నంత పనీ చేసింది. పాత ఓడలో తుప్పుపట్టి పడి ఉన్న అచ్చుయంత్రాన్ని ఇంటికి లాగించింది. తుప్పు గీకింది, నూనె పోసింది. అక్షరాలు తానే పేర్చింది, తానే సిరా పూసింది, తానే కుట్టింది. వరసల మధ్య కావలసినంత ఎడం ఇచ్చింది. నెత్తిన గురుతులూ ఇమిడాయి, కాళ్ళ కింద వత్తులూ ఇమిడాయి. మొదటి పుట అడుగున ఇలా వేసింది: "అచ్చు వేసినది సలోమి, తన ఇంట్లో, ఎవరి ముద్రా లేకుండా."

పుస్తకాలు రేవంతా పాకాయి. వలలు బాగుచేసుకుంటూ చదివేవాళ్ళు కొందరు, ఉప్పు మడుల గట్ల మీద కూర్చుని చదివేవాళ్ళు కొందరు. పెద్దయ్యగారికి నిద్ర పట్టలేదు. రాజుగారి కొలువుకు వెళ్ళి ఫిర్యాదు చేశాడు.

రాజు సలోమిని పిలిపించాడు. "ఇందులో తప్పుందని రుజువైతే పుస్తకాలన్నీ మంటలో వేయిస్తాను. నీ యంత్రం సముద్రంలో వేయిస్తాను. సమ్మతమేనా?"

"రుజువు చెయ్యనివ్వండి, మహారాజా."

పెద్దయ్యగారు పుస్తకం విప్పాడు. వేలు ఎడమ వైపు పెట్టాడు, కుడి వైపు పెట్టాడు. మళ్ళీ ఎడమకు, మళ్ళీ కుడికి. ఒక్కసారిగా ఎగిరి గంతేశాడు.

"దొరికింది! మహారాజా, ఇది తుఫాను ఘట్టం. ప్రభువు పడవలో వెనక వైపు తల కింద దిండు పెట్టుకుని నిద్రపోయాడు. ఈవిడ తెలుగులో నిద్ర ఉంది, పడవ ఉంది, దిండు లేదు! ఏమమ్మా, ప్రభువు తల కింది దిండు ఎత్తుకుపోయావా?"

సభంతా గొల్లున నవ్వింది. సలోమి వంగి చూసింది. నిజమే. దిండు లేదు. అన్నేళ్ళ కష్టం బూడిదయ్యేలా ఉంది. అయినా తల ఎత్తింది.

"తప్పే, మహారాజా. నాదే తప్పు. మంట వెయ్యబోయే ముందు అయ్యగారిని ఒక్క ప్రశ్న అడగనిస్తారా?"

"అడుగు."

"అయ్యగారూ, దిండు పోయిందని మీకెలా తెలిసింది?"

"కళ్ళు లేవనుకున్నావా? ఇదిగో, పక్కనే యవనంలో ఉంది కదా..."

సలోమి ఆ యవనం వరస మీద వేలు పెట్టింది.

"దీన్నే తీసెయ్యమన్నారు. తీసి ఉంటే ఆ దిండు ఎప్పటికీ దొరికేది కాదు. మీ ముద్ర ఉన్న పుస్తకాల్లో ఎన్ని దిండ్లు పోయాయో చెప్పగలరా? మీరూ చెప్పలేరు, నేనూ చెప్పలేను. నా పుస్తకాన్ని కాల్చండి, మహారాజా. కానీ తప్పున్నందుకు కాల్చామని చెప్పకండి. తప్పు కనబడినందుకు కాల్చామని చెప్పండి."

రాజు మీసం దువ్వుకున్నాడు. తరవాత చెయ్యి చాచాడు.

"ఆ పుస్తకం ఇలా ఇవ్వండి. కాల్చడానికి కాదు, చదువుకోవడానికి. అయ్యగారూ, తమరు తాళం తీసి ఆ పెట్టె తెరిచి ఉంచండి. ఇంకేమేం పోయాయో తీరిగ్గా వెతికి పెడుదురుగాని."

రెండో అచ్చులో దిండు పడవలోకి వచ్చింది. ఆ పుట అడుగున సలోమి ఇంకో వరస కూడా వేసింది: "ఈ దిండు పట్టి ఇచ్చినవారు జెకర్యా అయ్యగారు. వారికి మా కృతజ్ఞతలు." అది చూసి అయ్యగారికి కోపం వచ్చిందో, నవ్వు వచ్చిందో పట్నంలో ఎవరికీ తేలలేదు. పుస్తకం మాత్రం ఒకటి కొనుక్కున్నాడట.

జరగండి, జరగండర్రా. దుప్పట్లు సగమే ఆరేసి వచ్చాను, ఎండ పోతోంది. నీతి మాత్రం మరిచిపోకండి: నా మాటలో తప్పే లేదనేవాణ్ణి కాదు, తప్పుంటే పట్టుకోమని మూలం మన చేతిలో పెట్టినవాణ్ణి నమ్మాలి.