కూతురి శోకం

ముప్పై ఆరేళ్ల కండక్టరు నాంచారమ్మ, బస్సులో ఎవరు చెయ్యెత్తినా, పైనున్న కడ్డీ పట్టుకోవడానికి ఎత్తినా సరే, చటుక్కున తల పక్కకి తిప్పుకునేది. "కండక్టరమ్మకి మెడ పట్టేసినట్టుంది" అని ప్రయాణికులు నవ్వుకునేవాళ్లు. ఆ మెడని అలా తయారుచేసింది కన్నతండ్రి బసవయ్య అని ఆమె ఎవరితోనూ అనేది కాదు. తండ్రి గురించి చెడు చెప్పకూడదని ఆమెకి నేర్పారు. ఆమె నేర్చుకుంది. ఆమెలో ఉన్న లోపం అదొక్కటే.

బసవయ్య ఊళ్లో పెద్దమనిషి. అందరి తగవులూ తీర్చేవాడు. ఇంట్లో మాత్రం తగవుదాకా రానిచ్చేవాడు కాదు, ముందే కొట్టేవాడు.

ఒకరోజు తమ్ముడు గంగాధరం ఫోన్ చేశాడు.

"నాన్న పోయాడక్కా. పొద్దున్నే వచ్చెయ్. నువ్వొచ్చి ఏడిస్తే గానీ పాడె లేవదు."

ఆ ఊళ్లో అదొక ఆనవాయితీ. పాడె లేచేముందు కూతురు శవం పక్కన కూర్చుని, తండ్రి తనకి చేసినవన్నీ ఒక్కొక్కటే తలుచుకుంటూ రాగం తీసి ఏడవాలి. చుట్టూ ఉన్న ఆడవాళ్లు వంత అందుకోవాలి. కూతురు శోకం మొదలుపెట్టాక మధ్యలో ఆపే హక్కు ఎవరికీ లేదు. ఆడదాని నోటికి ఆ ఊరు ఇచ్చిన స్వేచ్ఛ అంతే. అదీ ఎవరైనా చస్తేనే.

నాలుగు మంచి మాటలు ఏడ్చేసి మధ్యాహ్నం బస్సుకి తిరిగి వచ్చేద్దామనుకుని నాంచారమ్మ వెళ్లింది. గుమ్మం దగ్గర తమ్ముడి కూతురు చందన నిలబడి ఉంది. ఎనిమిదేళ్ల పిల్ల. చెదిరిన జుట్టు సర్దుదామని నాంచారమ్మ చెయ్యి చాపింది.

పిల్ల చటుక్కున తల పక్కకి తిప్పుకుంది.

నాంచారమ్మ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కాసేపటికి మెల్లగా పిల్ల గౌను చెయ్యి పైకి జరిపి చూసింది. జబ్బ నిండా కమిలిన చారలు.

"ఇవేంటి వజ్రం?" అని తమ్ముడి భార్యని అడిగింది.

వజ్రం మొగుడి వైపు చూసింది. "దీనికి అల్లరెక్కువ వదినా" అంది.

"చర్నాకోలతో రెండు తగిలిస్తే ఏమైపోతుందిలే అక్కా!" అన్నాడు గంగాధరం. "నాన్న కొట్టబట్టే కదా మనం ఇంతవాళ్లమయ్యాం."

"ఎంతవాళ్లమయ్యాంరా?"

"శవం ముందు ఈ గోలేంటి? ఊరంతా చూస్తోంది. కూర్చుని ఏడు. నాన్న పరువు నిలబెట్టు."

ఆ ఇంట్లో ఎడ్లని అమ్మేసి ట్రాక్టరు కొని చాలా కాలమైంది. చర్నాకోల మాత్రం వసారా గోడకి వేలాడుతూనే ఉంది.

నాంచారమ్మ శవం పక్కన కూర్చుంది. చందన స్తంభం చాటునుంచి చూస్తోంది. ఇప్పుడు తను 'బంగారు తండ్రీ' అని ఏడిస్తే, ఆ పిల్ల తనకి పడే దెబ్బల్ని కూడా బంగారమే అనుకుంటుంది. నాంచారమ్మ గొంతెత్తింది. రోజూ చివరి సీటు దాకా వినపడే గొంతు అది.

"ఓ నాన్నా, నన్ను కన్న నాన్నా! పాలు ఒలకబోశానని పశువుల కొట్టంలో కట్టేశావే నాన్నా! చర్నాకోల నీళ్లలో తడిపి మరీ కొట్టావే నాన్నా! అడ్డమొస్తే, నీకన్నా ముందే పోయిన అమ్మ చెయ్యి విరిచావే నాన్నా! మెట్ల మీంచి పడిందని డాక్టరుతో నాచేతే చెప్పించావే నాన్నా! మనింటికి మెట్లే లేవే నాన్నా!"

ఆడవాళ్ల ఏడుపు టక్కున ఆగింది. తడిబట్టలతో, చేతిలో నిప్పుల కుండతో వాకిట్లో నిలబడ్డ గంగాధరం అరిచాడు.

"అక్కా! ఆపు!"

పక్కింటి ముసలమ్మ రాఘవమ్మ తల తిప్పి చూసింది. "కూతురు శోకం మధ్యలో ఆపకూడదురా. ఆమాత్రం తెలీదూ? కుండ సరిగ్గా పట్టుకో, కాలు కాలుద్ది" అంది. తర్వాత ముక్కు చీదుకుని తనే వంత అందుకుంది.

"గోడవతల మాకు వినపడేది తల్లీ! వినీ తలుపులేసుకున్నాం తల్లీ!"

నాంచారమ్మ ఇంకా గట్టిగా ఎత్తుకుంది.

"నువ్వు పోయావు గానీ నీ చర్నాకోల పోలేదే నాన్నా! నీ కొడుకు చేతికిచ్చి పోయావే నాన్నా! నీ మనవరాలి జబ్బ మీద నీ గుర్తులు చూశానే నాన్నా!"

ఊరంతా చందన వైపు చూసింది. తర్వాత గంగాధరం వైపు చూసింది. అతను భార్య వైపు గుడ్లురిమాడు. కానీ చేతుల్లో నిప్పుల కుండ ఉంది. దాన్ని దింపకూడదు.

కోడలికి కూడా ఏడ్చే హక్కుంది. ఇంతవరకు నోట్లో కొంగు కుక్కుకున్న వజ్రం ఆ కొంగు తీసేసింది.

"ఓ మామయ్యా! పిల్లకి జొరమని బడికి అబద్ధం చెప్పానే మామయ్యా! చారలు మానేదాకా ఇంట్లో దాచానే మామయ్యా! ఇంక దాచలేనే మామయ్యా!"

ఆ ఊళ్లో అంత నిజమైన శోకం అంతకుముందు ఎవరూ వినలేదు. మగవాళ్లు గబగబా పాడె ఎత్తారు.

శ్మశానానికి ఆడవాళ్లు వెళ్లరు. పాడె వీధి మలుపు తిరగగానే నాంచారమ్మ లేచింది.

"వజ్రం, పిల్ల పుస్తకాలు సర్దు."

"ఎక్కడికి వదినా?"

"ముందు ఆసుపత్రికి. ఆ చారల్ని డాక్టరు చూడాలి. ఈసారి మెట్ల కథ చెప్పం."

"ఆయన తిరిగొచ్చేసరికి మేం లేకపోతే..."

"ఖాళీ ఇల్లుంటుంది. దాన్ని కొట్టుకోమను."

పెద్దకర్మకి పిలవడానికి గంగాధరం ఇద్దరు పెద్దల్ని వెంటబెట్టుకుని నాంచారమ్మ ఇంటికొచ్చాడు. వజ్రాన్నీ పిల్లనీ పంపెయ్యమన్నాడు.

"ఇంటి గుట్టు వీధిలో పెట్టావు" అన్నాడు.

"గుట్టు కాదురా, నేరం" అంది నాంచారమ్మ.

వచ్చినవాళ్లలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "ఎంతైనా కన్నతండ్రి. పోయినవాళ్ల గురించి చెడు చెప్పకూడదమ్మా."

"బతికున్నప్పుడు చెప్పనిచ్చారా బాబాయ్?"

గంగాధరం లోపలికి చూసి, "చందనా, రా!" అని గద్దించాడు. పిల్ల వజ్రం వెనక నిలబడి, వణుకుతూనే, "రాను" అంది. ఆ మాట ముగ్గురు మగవాళ్లకీ వినపడింది. నాంచారమ్మ తలుపు వేసింది.

నాంచారమ్మ పెద్దకర్మకి వెళ్లలేదు. వజ్రంతో కలిసి పోలీస్ స్టేషన్‌కి వెళ్లి తమ్ముడి మీద కేసు పెట్టించింది. కోర్టులో అతనికి ఎదురుగా నిలబడి సాక్ష్యం చెప్పింది. అతనికి శిక్ష పడింది.

చచ్చినవాడి మర్యాద కోసం మనం మింగిన నిజం, బతికున్న పిల్ల ఒంటిమీద దెబ్బై తేలుతుంది. కాబట్టి కొట్టినవాడు కన్నతండ్రైనా, వాడి శవం ముందైనా, నిజం చెప్పి తీరాలి.