కాకి గంట

అనగనగా ఒక ఊళ్ళో, రైలు ఆగీ ఆగనట్టు ఆగి వెళ్ళిపోయే ఒక చిన్న ఊళ్ళో, శేషారత్నం అని ఒకావిడ ఉండేది. ఆవిడకి గిరిజ అని ఆరేళ్ళ కూతురు. గిరిజ ఇంకా పాకుతున్నప్పుడే వాళ్ళ నాన్న జ్వరమొచ్చి పోయాడు. అప్పటినుంచీ గిరిజకి అమ్మా ఆవిడే, నాన్నా ఆవిడే.

శేషారత్నం వంటలు చేసేది. ఒకచోట కాదు, రెండుచోట్ల కాదు, మూడుచోట్ల. పొద్దున్నే ప్లీడరు గారింట్లో. ఆ తర్వాత సత్రంలో. సాయంత్రం రైసుమిల్లు వాళ్ళింట్లో. మధ్యలో ఇంటికొచ్చి బట్టలు ఉతకాలి, నూతిలో నీళ్ళు తోడాలి, గిరిజకి జడ వెయ్యాలి, గిరిజ పలక మీద గుణింతాలు దిద్దాలి. చేతులు రెండే, పనులు ఇరవై.

అయితే ఆవిడకి ఒక్క కోరిక ఉండేది. ఏంటో చెప్పుకో? నగలా? కాదు. పట్టుచీరా? కాదు. పుస్తకం చదువుకోవాలని. పరీక్ష కోసం కాదు, పుణ్యం కోసం కాదు. ఊరికే, హాయిగా, కాళ్ళు చాపుకుని.

ప్లీడరు గారు పడక్కుర్చీలో కూర్చుని పేపరు చదువుతుంటే ఇల్లంతా అడుగుల చప్పుడు కాకుండా నడిచేది. శేషారత్నం పుస్తకం పట్టుకుంటే మాత్రం, "ఏమ్మా, పనేం లేదా?" అని అడిగేవారు. అదేం న్యాయం అంటావా? నాకూ తెలీదు బుజ్జీ. పెద్దయ్యాక నువ్వే వాళ్ళని అడుగు. గట్టిగా అడుగు.

ఆ రోజుల్లో ఆవిడ లైబ్రరీ నుంచి ఒక లావుపాటి నవల తెచ్చుకుంది. అందులో పోలమ్మ అని పడవ నడిపే ఒకమ్మాయి ఉంటుంది. పోలమ్మ పడవలో ఒక నిండు చూలాలు, ఒక ముసలాయన, ఒక దూడ. పడవ సరిగ్గా ఏటి నడిమధ్యకి వచ్చేసరికి వరద ముంచుకొచ్చింది. గడ కాస్తా విరిగిపోయింది.

అక్కడ ఆగిపోయింది శేషారత్నం. నూట ఎనభై మూడో పేజీలో. నాలుగు నెలలు చదివితే అక్కడికి చేరింది, అప్పటినుంచీ పాపం ఆ పడవ ఏట్లోనే ఉంది.

ఎందుకంటే ఆవిడకి చదువుకోవడానికి దొరికేది నెలకి మూడు రోజులే. ఆ మూడు రోజులు ఆవిడని కాకి ముట్టుకునేది.

కాకి ముట్టుకోవడం అంటే ఏంటంటావా? పెద్దయిన ఆడవాళ్ళకి నెలనెలా ఒంట్లో జరిగే మామూలు సంగతే. సిగ్గుపడేదీ కాదు, భయపడేదీ కాదు. కానీ దాన్ని మామూలుగా చెప్పడం పెద్దవాళ్ళకి చేతకాలేదు. పిల్లలు అడిగితే, "అమ్మని కాకి ముట్టుకుంది, దగ్గరకి వెళ్ళకు" అని నెపమంతా తీసుకెళ్ళి కాకి మీద పెట్టారు. కాకికి నోరు లేదుగా మరి!

ఆ మూడు రోజులూ శేషారత్నం వంటింట్లోకి వెళ్ళకూడదు. నుయ్యి ముట్టుకోకూడదు. గిరిజని ముట్టుకోకూడదు. పెరటి అరుగు మీద ఒక చాప, ఒక కంచం, ఒక చెంబు. అంతే. వంటకి ఎవరూ రమ్మనేవారు కాదు. ఇల్లుగల అచ్యుతమ్మ మామ్మగారు అన్నం వండి, దూరంనుంచి కంచంలో వేసేవారు.

మామ్మగారికి మడీ ఆచారం జాస్తి. మొదటిసారి చాప మీద పుస్తకం చూసి గుండెలు బాదుకున్నారు.

"ఒసే రత్నం! పుస్తకం అంటే సరస్వతి కదే! ముట్టుకున్నావా?"

"ఇది లైబ్రరీ పుస్తకం మామ్మగారూ. ఊరందరూ ముట్టుకున్నదే. ఇంక దీనికి కొత్తగా అంటే మైలేముంది?" అంది శేషారత్నం.

మామ్మగారు లోపలికి వెళ్ళిపోయారు.

గిరిజ మూడు బారల దూరంలో కూర్చుని అమ్మనే చూసేది. అమ్మ చిన్నగా పైకి చదువుతూ, పేజీ తిప్పుతూ నవ్వేది. ఇంకో పేజీకి కళ్ళు తుడుచుకునేది. మిగతా రోజుల్లో లేని మొహం ఏదో ఆ మూడు రోజులు అమ్మకి వచ్చేది. గిరిజకి ఆ మొహం ముద్దుగా ఉండేది. కానీ ముద్దుపెట్టుకోవడానికి వీల్లేదు. నాలుగో రోజు తలస్నానం చేసి అమ్మ దగ్గరకి వచ్చేది గానీ, అప్పటికి ఆ మొహం ఉండేది కాదు, వంటకి పరిగెత్తే మొహం వచ్చేసేది.

చూశావా బుజ్జీ ఎంత తిరకాసో! పుస్తకం ఉంటే బిడ్డ ఉండదు. బిడ్డ ఉంటే పుస్తకం ఉండదు.

అప్పుడు ఒక సోమవారం లైబ్రరీ ఆయన కబురు పంపించాడు. "అమ్మా, ఆ నవల అట్ట ఊడిపోయింది. శనివారం పట్నానికి బైండింగుకి పంపేస్తున్నాం. వెనక్కి ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో చెప్పలేను. శనివారం పొద్దున్నే తెచ్చి ఇచ్చెయ్యండి."

శేషారత్నాన్ని కాకి ముట్టుకుని పది రోజులే అయింది. మళ్ళీ ముట్టుకోవడానికి ఇంకా చాలా రోజులున్నాయి. ఇంక పనుల్లోనే ఎలాగో చదవాలనుకుంది.

మొదట ప్లీడరు గారింట్లో పప్పు కలుపుతూ చదివింది. పోలమ్మ తెడ్డు కోసం వెతుకుతోంది, ఇక్కడ పప్పు అడుగంటింది. ప్లీడరు గారి భార్య ముక్కు మూసుకుని వచ్చి, "ఇంకొక్కసారి మాడ్చావంటే వేరే మనిషిని చూసుకుంటాం" అంది.

ఆ తర్వాత సత్రానికి నడుస్తూ చదివింది. చదువుతూ చదువుతూ సత్రం దాటేసి, వీధి దాటేసి, వెళ్ళి ఒక గేదెకి గుద్దుకుంది. గేదె కదల్లేదు. ఆవిడే "చూసుకోలేదండీ" అని గేదెకి చెప్పి వెనక్కి వచ్చింది.

ఆ తర్వాత ఇంటికొచ్చి, చాప మీద వాలి చదువుదామనుకుంది. రెండు వాక్యాలు చదివిందో లేదో కళ్ళు మూతలు పడ్డాయి. పుస్తకం దభీమని మొహం మీద పడింది.

శేషారత్నం లేచి కూర్చుంది. పుస్తకం మూసి, అట్ట మీద చెయ్యి వేసి, "పోలమ్మా, ఇంక నువ్వు ఒడ్డెక్కవులే తల్లీ" అంది.

గిరిజ ఆ మాట వింది. గిరిజకి ఒళ్ళు మండిపోయింది. ఆ కాకి ఎక్కడ చచ్చింది? కావాల్సినప్పుడే రాదా?

ఇంక కాకిని పిలవడం మొదలుపెట్టింది.

మొదట గోడ మీద అన్నం మెతుకులు పెట్టింది. కాకి వచ్చింది, తిన్నది, పోయింది. ఆ తర్వాత అమ్మ చాప మీద గారె ముక్క పెట్టింది. కాకి వచ్చింది, ఎత్తుకుంది, పోయింది. అమ్మని మాత్రం ముట్టుకోలేదు. అప్పుడు గిరిజకి ఒక ఉపాయం తోచింది.

బుధవారం తెల్లవారింది. శేషారత్నం వంగి వాకిట్లో ముగ్గు వేస్తోంది. మామ్మగారు తులసికోటకి నీళ్ళు పోస్తున్నారు. గిరిజ వెనకనుంచి వచ్చి అమ్మ ముడి సర్దింది. "ఏంటమ్మా?" అంది శేషారత్నం. "పువ్వు పెడుతున్నా" అంది గిరిజ. పెట్టింది పువ్వు కాదు, గారె ముక్క.

రివ్వుమని వచ్చింది కాకి. సరిగ్గా శేషారత్నం నెత్తిమీద వాలింది. ముడిలో రెండు పోట్లు పొడిచి, గారె ముక్క లాక్కుని ఎగిరిపోయింది.

శేషారత్నం ముగ్గుబుట్ట వదిలేసి కెవ్వుమంది. గిరిజ చప్పట్లు కొట్టి ఎగిరింది.

"మామ్మగారూ! అమ్మని కాకి ముట్టుకుంది! నేను చూశాను, మీరూ చూశారు! మూడు రోజులు వంట లేదోచ్!"

అప్పుడేం చేసిందనుకున్నావు? "ఆగవే!" అని అమ్మ అరుస్తూనే ఉంది, ఒకటే పరుగు. ప్లీడరు గారింట్లో చెప్పింది, సత్రంలో చెప్పింది, మిల్లు వాళ్ళింట్లో చెప్పింది. ఆ మాట వింటే ఎవరైనా ఇంకేం అడుగుతారు? ఎవరూ ఏమీ అడగలేదు. తలలు దించుకుని, "అలాగేలే, శనివారం రమ్మను" అన్నారు. గిరిజ రొప్పుకుంటూ తిరిగొచ్చింది.

శేషారత్నం తలస్నానం చేసి, తడిజుట్టుతో అరుగు మీద కూలబడి ఉంది. కాకి నెత్తిన వాలితే తలస్నానం చెయ్యాలిగా. ఇప్పుడేం చెయ్యాలి? కాదని చెబితే పిల్ల ఊళ్ళో అబద్ధాలకోరు అయిపోతుంది. ఊరుకుంటే తను అబద్ధాలకోరు అవుతుంది. తెలిసిందంటే మూడుచోట్లా పని పోతుంది. గిరిజ కంచంలోకి అన్నం ఎక్కడనుంచి వస్తుంది?

మామ్మగారు వేళ్ళు ముడిచి ఏదో లెక్కపెట్టుకున్నారు. లోపలికి వెళ్ళిపోయారు.

అంతలోనే వీధి తలుపు చప్పుడయింది. ప్లీడరు గారి భార్య! నడుం మీద చెయ్యి పెట్టుకుని వచ్చేసింది.

"ఏమ్మా శేషారత్నం, పన్నెండు రోజుల కిందటేగా కూర్చున్నావు? మళ్ళీ ఇంతలోకేనా? నాకు వేళ్ళు లెక్కపెట్టడం రాదనుకున్నావా?"

గిరిజ అమ్మ చీర కుచ్చెళ్ళు పట్టుకుంది.

అప్పుడు మామ్మగారు బయటికి వచ్చారు. మడిచీర, నుదుటిన విభూతి. ఆవిడ పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడలేదని ఊరంతటికీ తెలుసు.

"నన్నడుగు" అన్నారు మామ్మగారు. "నా కళ్ళతో నేను చూశాను. కాకి ముట్టుకుంది. అబద్ధమైతే ఈ నూతి మీద ఒట్టు."

ప్లీడరు గారి భార్య మామ్మగారి మొహం చూసింది. గిర్రున తిరిగి వెళ్ళిపోయింది.

శేషారత్నానికి ఏడుపో నవ్వో తెలీలేదు. "మామ్మగారూ, మీరు..." అంది.

"నేనేం అబద్ధమాడానే? కాకి ముట్టుకుందా లేదా?"

"ముట్టుకుంది."

"మరి? నెలనెలా ఆ మాటే అని పిల్లలకి అబద్ధం చెబుతున్నాం. ఇవాళ ఒక్కరోజు అదే మాట నిజమైంది. కూర్చుని చదువుకో. కానీ గట్టిగా చదువు. తలుపు వెనకనుంచి నాకు సగం వినపడి చావడంలేదు. ఇన్ని రోజులు ఆ పిల్లని ఏట్లో వదిలేశావు, నాకు నిద్ర పట్టద్దూ!"

ఆ తర్వాత మామ్మగారు చాప పరిచారు. గిరిజ అలవాటు కొద్దీ మూడు బారల దూరంలో కూర్చోబోయింది.

"అక్కడెందుకే పిల్లా? ముట్టుకుంది నిజం కాకి. మీ అమ్మ నెత్తిన నీళ్ళు పోసుకుంది. ఇంక మైలెక్కడ? పో, వెళ్ళి అమ్మ ఒళ్ళో పడుకో."

గిరిజ ఒక్క గెంతు గెంతింది. అమ్మ ఒళ్ళో తల పెట్టుకుని పైకి చూసింది. ఆ మొహం! పుస్తకం మొహం! అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. చెయ్యెత్తి ఆ బుగ్గ ముట్టుకుంది. శేషారత్నం ఒక చేత్తో పేజీ తిప్పింది, ఇంకో చేత్తో కూతురి జుట్టు నిమిరింది.

అలా బుధవారం, గురువారం, శుక్రవారం. మూడో రోజు సాయంత్రానికి పడవ ఒడ్డెక్కింది. నాలుగు ప్రాణాలతో బయల్దేరిన పడవ, అయిదు ప్రాణాలతో ఒడ్డెక్కింది.

"పడవలోనే పురుడా! ఆడపిల్లా, మగపిల్లాడా?" అన్నారు మామ్మగారు.

"పుస్తకంలో రాయలేదు మామ్మగారూ."

"రాయకపోవడమేంటే, రాసేవాళ్ళకి బుద్ధుండద్దూ? ఆడపిల్లే. రాసుకో."

శనివారం పొద్దున్నే శేషారత్నం పుస్తకం లైబ్రరీలో ఇచ్చేసింది. అటునుంచి అటే ప్లీడరు గారింటికి వెళ్ళింది. వంటింట్లో అడుగంటిన పప్పుగిన్నెలు మూడు బోర్లించి ఉన్నాయి. ప్లీడరు గారి భార్య అటూ ఇటూ చూసింది. పడక్కుర్చీలో ఆయన పేపరు వెనకాల ఉన్నారు. అప్పుడు దగ్గరకొచ్చి మెల్లిగా అడిగింది.

"రత్నం, ఆ కాకి మా ఇంటివైపు కూడా వస్తుందా?"

"ఎందుకు రాదమ్మగారూ? గోడ మీద గారె ముక్క పెట్టండి. పిలిస్తే వస్తుంది, పిలవకపోతే ఎప్పటికీ రాదు."

ఆ రోజునుంచి, సత్రంలో వంట అయ్యాక, మిల్లు వాళ్ళ వంటకి ముందు, ఒక గంట శేషారత్నం గంట. గిరిజ గోడ మీద ముక్క పెట్టేది. మామ్మగారు గుమ్మంలో కూర్చునేవారు. ఎవరొచ్చినా, "రత్నాన్ని కాకి ముట్టుకుంది, గంటాగి రా" అనేవారు. ఆ తర్వాత పక్కింట్లో ఒక కాకి. ఎదురింట్లో ఒక కాకి. ఒకావిడ చదువుకునేది, ఒకావిడ పాడుకునేది, ఒకావిడ ఏమీ చెయ్యకుండా కూర్చునేది. ఎందుకని ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. దానికి ఆ వీధిలో కాకి గంట అని పేరు పడింది.

మరి నెలనెలా చాప మీద దూరంగా కూర్చోవడం ఏమైందంటావా? అదీ పోయింది. ఒకసారి ఆ రోజుల్లోనే గిరిజ నడుచుకుంటూ వెళ్ళి అమ్మ ఒళ్ళో పడుకుంది. మామ్మగారు చూశారు. మొహం అటు తిప్పుకుని, "ఈ పూట ఎండ ఎక్కువగా ఉంది" అన్నారు. అంతే, పోయింది.

ఇంక కళ్ళు మూసుకో బుజ్జీ. ఏంటీ, ఇంకో కథా? లేదమ్మా. అదిగో కిటికీ మీద చూడు, కాకి. కనపడలేదా? చీకట్లో కాకులు రావా? అమ్మమ్మలకి వస్తాయిలే. నన్ను ముట్టుకుని పోయింది ఇప్పుడే. ఆ కళ్ళజోడు ఇలా అందుకో.

కథ కంచి దారి పట్టింది,
కాకి గూటి దారి పట్టింది,
నిద్దరేమో నీ కళ్ళలోకి,
పుస్తకమేమో నా ఒళ్ళోకి!