కోడలి ఎర్రగీత చేపలు

అనగనగనగా, మీ తాతల తాతలు కూడా పుట్టని రోజుల్లో, ఏటి ఒడ్డున ఒక రాజ్యం ఉండేదర్రా పిల్లలూ. ఆ రాజుగారిని పెళ్ళాడి వకుళ అనే అమ్మాయి కొత్తగా కోటకొచ్చింది. పేరుకి రాణే గానీ, పాపం, నోరు విప్పేది కాదు. ఏం చేసినా అత్తగారు, రాజమాత అక్కమాంబ, తప్పు పట్టేది మరి. నడక తప్పు, వడ్డన తప్పు, ఆఖరికి నవ్వినా తప్పే.

పుట్టింటి వాగులోంచి వకుళ కాసిని చేపలు తెచ్చుకుంది. వేలెడు కూడా ఉండవు. నీలం వీపు, ఎర్ర గీత. గాజు తొట్టిలో పెట్టుకుని వాటినే చూసుకుంటూ బతికేది. అచ్చం అలాంటివే అత్తగారికీ ఇంకో తొట్టిలో ఉండేవి.

ఒకరోజు తొట్లు కడుగుతూ దాసీలు ఏం చేశారంటే, రెండు తొట్ల చేపల్నీ ఒక్కదాంట్లో గుమ్మరించేశారు.

వకుళ ప్రాణం విలవిల్లాడింది. అత్తగారు మాత్రం తేలిగ్గా తీసేసింది.

"చేపలన్నీ ఒకటేగా. మీ ఊరి వాటికేమన్నా కొమ్ములున్నాయా? పొద్దుగూకే లోపు నీవేవో తేల్చు. లేదంటే అన్నీ నావే."

ముందు రాజమాతే వెండి గిన్నెతో ఒకదాన్ని ముంచి, కళ్ళ దగ్గర పెట్టుకుని చూసింది. ఏ గీతా లేదు, తెల్లగా పాలిపోయి ఉంది. ఇంకోటి ముంచింది. అదీ అంతే.

తర్వాత రాజుగారు, పెళ్ళాం మీద ప్రేమకొద్దీ, వలేసి పట్టి ఎండలో పెట్టి చూశారు. ఇంకా పాలిపోయాయి. చెప్పానా, అన్నీ ఒకటేనని, అంది రాజమాత. దాసీలు కిసుక్కుమన్నారు.

మూడోసారికి వకుళే ముందుకొచ్చింది. అందర్నీ దూరంగా కూర్చోమంది, తొట్టిని తట్టొద్దంది. నీళ్ళలో కాస్త నాచు వేసి, ఎండకి చాప అడ్డం పెట్టి, తనూ కదలకుండా కూర్చుంది. రాజమాత రెండుసార్లు లేవబోతే రాజుగారే చెయ్యి పట్టుకుని ఆపారు.

కాసేపటికి నాచులోంచి ఒక చేప తొంగిచూసింది. దాని వెనక ఇంకోటి. మెల్లమెల్లగా నీలం తిరిగొచ్చింది, ఎరుపు తిరిగొచ్చింది. అప్పుడు చూడాలర్రా, చేపలు వాటంతటవే రెండు గుంపులయ్యాయి!

వకుళ లేచి నిలబడింది. కోటకొచ్చాక మొదటిసారి తలెత్తి మాట్లాడింది.

"మీ వాటికి ఎరుపు నడుం దగ్గర మొదలవుతుంది అత్తయ్యా. మా వాగు చేపలకి చెంప నుంచి తోక దాకా ఒకటే గీత."

ఆ మాట చెబుతుంటే ఆ పిల్ల మొహం వెలిగిపోతోంది. తన గుంపు ముందు చిన్న కుండ వాల్చి, పిండి చల్లింది. ఒక్కటీ తప్పకుండా అన్నీ అందులోకి వెళ్ళాయి.

రాజమాత ఇప్పుడు చేపల్ని చూడట్లేదు, కోడల్నే చూస్తోంది.

"ఇన్నాళ్ళూ నిన్నూ ఇలాగే గిన్నెలో ఎత్తిపట్టి చూశానే అమ్మాయ్" అంది. ఆ కుండ తన చేతులతోనే మోసుకెళ్ళి వకుళ తొట్టిలో వదిలింది. దాసీల వైపు తిరిగి, ఎవరనుకున్నారు, మా కోడలు, అని గొప్పగా చెప్పుకుంది.

బెదరగొట్టి చూస్తే అందరూ ఒకేలా పాలిపోతారు. స్థిమితంగా ఉండనిస్తే ఎవరి రంగు వాళ్ళు చూపిస్తారు, అదర్రా నీతి.