రెండు వేళ్ల మందం

పెట్రోలు రంపం కొనాలా, బ్యాటరీ రంపం కొనాలా అన్నది దస్తగిరికి తేలడం లేదు.

చెప్పుకుంటే చిన్న విషయమే. కొండల అంచున ఉన్న ఆ దర్గాకు నలభై ఎకరాల అడవి ఉంది. మొన్నటి గాలివానకు అందులో ముప్పై చెట్ల దాకా కూలాయి. కొన్ని దారికి అడ్డంగా పడ్డాయి. కొన్ని పడీ పడకుండా పక్క చెట్ల మీద వాలి ఉన్నాయి. ఉరుసు ఇంకా రెండు నెలలే. దారి తెరవాలి, వచ్చినవాళ్లకు వండి పెట్టడానికి కట్టెలు కొట్టాలి. మైదుకూరులో టైల్స్ వ్యాపారం చేసే భక్తుడొకడు, "చిన్న చైన్‌సా ఒకటి, మీకు ఏది నచ్చితే అది తీసుకోండి" అన్నాడు. ఎంచే పని దస్తగిరి మీద పడింది. దర్గాలో చెట్టు పని తెలిసినవాడు ఇప్పుడు అతనొక్కడే. కిందటేడు దాకా ఇద్దరుండేవారు.

దస్తగిరి ప్రొద్దుటూరులో మిషన్లమ్మే అంగడికి మూడుసార్లు వెళ్లొచ్చాడు. చెప్పులు కూడా తొడిగి చూసుకోకుండా కొనే మనిషి, రంపం కోసం మూడు బస్సు ప్రయాణాలు చేశాడు. అంగడాయన ఓబులేసు ఓపికపరుడు. రెంటినీ బల్లమీద పెట్టి విప్పి చెప్పాడు.

"పెట్రోలుదైతే పొద్దు మునిగేదాకా కోసుకోవచ్చు. ఆయిల్ కలిపి పోయాల, లాగి స్టార్ట్ చేయాల, అంతే. బ్యాటరీదైతే మీట నొక్కితే చాలు, తేలిక గూడా. కాకపోతే ముప్పావు గంటకు దిగిపోతాది. అడవిలో కరెంటు యాడుంది? ఇంకో బ్యాటరీ చేతిలో పెట్టుకోవాల."

దస్తగిరి అన్నీ విని ఒకటే అడిగేవాడు. "ఇది ఆడతాంటే, పక్కన మనిషి పిలిస్తే వినపడతాదా?"

మూడోసారి కూడా అదే అడిగేసరికి ఓబులేసు నవ్వేశాడు. "ఏందన్నా, రంపం కొంటాండావా, పెండ్లి సంబంధం చూస్తాండావా?"

దస్తగిరి నవ్వలేదు. కొనకుండానే తిరిగొచ్చాడు.

అతని గోల వేరే. హుసేనప్పా అతనూ పదకొండేళ్లు జంటగా ఆ అడవిలో పని చేశారు. చెట్టు పడాల్సిన వైపు నుంచి దూరంగా నిలబడి తాడు లాగేది హుసేనప్ప. చెట్టు మొదలు దగ్గర కూర్చుని కోసేది దస్తగిరి. చెట్టు తల ఎటు తిరుగుతోందో తాడు మనిషికి కనిపిస్తుంది, కోసేవాడికి కనిపించదు. అందుకే తాడు మనిషి 'ఆపు' అంటే ఆపాలి. ఎందుకని తర్వాత అడగొచ్చు. దర్గా పెద్ద పీరుస్వామి తను గొడ్డలి పట్టిన రోజుల్లో పెట్టిన కట్టుబాటు అది.

కిందటేడు ఒక ఎండు వేపచెట్టు కోస్తుంటే అది అనుకున్న వైపు కాకుండా హుసేనప్ప మీదికి తిరిగింది. అతని కాలు తీగల్లో చిక్కుకుంది. అద్దెకు తెచ్చిన పెట్రోలు రంపం చెవులు చిల్లులు పడేలా మోగుతోంది. హుసేనప్ప ఆపమని అరిచాడు. ఆ రొదలో దస్తగిరికి వినపడలేదు. హుసేనప్ప అక్కడే ప్రాణం విడిచాడు. ఊళ్లో అందరికీ తెలిసిన సంగతి ఇది. దస్తగిరి చెప్పగా తెలిసింది.

హుసేనప్ప భార్య మాబున్ని ఆ మాట నమ్మింది. ఏడాదిగా దస్తగిరిని ఒక్క మాట అనలేదు. తిట్టిందల్లా రంపాన్నే. ఎక్కడ మిషను చప్పుడు వినపడినా, "నా మొగుణ్ని మింగింది అదే. దాని నోరు పడిపోను" అని మట్టి ఎత్తి పోసేది. శుక్రవారం శుక్రవారం దస్తగిరికి జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి మూటకట్టి పంపేది. "నువ్వూ పోయేటోడివే మరిదీ, దేవుడు నిన్నన్నా మిగిలిచ్చినాడు" అనేది. ఆ రొట్టెను దస్తగిరి పారెయ్యలేక నీళ్లతో మింగేవాడు.

కొత్త రంపం మాట ఆమె చెవిన పడింది. దర్గా మెట్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"మళ్లా దాన్ని తెస్తాండారా మరిదీ?"

"ఈసారి పెద్దగా చప్పుడు లేనిది తెస్తాం వదినా. బ్యాటరీది. పిలిస్తే వినపడతాది."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "అట్లాంటిది అప్పుడే ఉండింటే, ఆయన బతికేటోడా?"

ఆమె వెళ్లిపోయింది. దస్తగిరి నేరుగా పీరుస్వామి దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఎనభై ఏళ్ల ముసలాయన మోకాళ్లకు నూనె రాసుకుంటున్నాడు.

"స్వామీ, పెట్రోలుదా, బ్యాటరీదా? నాకు తెలీడం ల్యా. మీరే చెప్పండి."

పీరుస్వామి నూనె చేతులు తుడుచుకున్నాడు. "రెండూ తెమ్మను నాయనా. కోసి చూద్దాం."

మర్నాడు పొద్దున్నే ఓబులేసు రెండు రంపాలూ ఆటోలో వేసుకొచ్చాడు. దారికి అడ్డంగా పడిన కానుగ మాను దగ్గరికి ముగ్గురూ నడిచారు. పీరుస్వామి చేతికర్ర పక్కన పెట్టి, ఇరవై అడుగుల దూరంలో ఒక రాతి మీద కూర్చున్నాడు.

"ముందు పెట్రోలుది" అన్నాడు.

దస్తగిరి రంపం లాగి స్టార్ట్ చేశాడు. ఆ చప్పుడు వినడం ఏడాది తర్వాత ఇదే. పళ్లు బిగబట్టి ఒక తుండు కోసి దించాడు. తిరిగి చూస్తే పీరుస్వామి అతన్నే చూస్తున్నాడు.

"పిలిచినా నాయనా."

"వినపడలేదు స్వామీ. ఒట్టు, వినపడలేదు."

ఆ మాట చెప్పేటప్పుడు దస్తగిరి ముఖంలో ఏదో వెలుగు. తన తప్పు కాదని ఇద్దరు సాక్షుల ముందు రుజువు చేసుకున్నవాడి ముఖం అది. పీరుస్వామి ఓబులేసును పిలిచి, ఆటోలో ఉన్న మంచినీళ్ల సీసా తెమ్మని పంపాడు. ఆటో అడవి మొదట్లో ఉంది.

"ఇప్పుడు రెండోదాంతో కోయి."

బ్యాటరీ రంపం మీట నొక్కగానే తిరిగింది. కొయ్యలో దిగితే చప్పుడు లేకపోలేదు గాని, దీని చప్పుడు మనుషులు ఓర్చుకోగలిగినంతే. రంపపు పొట్టు కాళ్ల మీద పడుతోంది. మాను ముప్పాతిక వంతు తెగింది. వెనక నుంచి ముసలి గొంతు స్పష్టంగా వచ్చింది.

"దస్తగిరీ, ఆపు!"

కాసేపాగి మళ్లీ అదే. ఇంకోసారి అదే. తుండు తెగి ధబ్బున కింద పడింది. దస్తగిరి మీట వదిలి గిరుక్కున తిరిగాడు. పసిపిల్లవాడిలా నవ్వుతున్నాడు.

"వినపడింది స్వామీ! బాగా వినపడింది! ఇది గాని అప్పుడుండి ఉంటే..."

"ఎన్నిసార్లు పిలిచినా?"

"మూడుసార్లు స్వామీ."

"మొదటిసారికే ఆపలేదేం?"

"మధ్యలో ఆపితే మాను కుంగి రంపం అందులోనే పట్టుకుంటాది గదా స్వామీ. మళ్లా ఊడదీయాలంటే సగం పూట. ఇంకా రెండు వేళ్ల మందమే గదా ఉండేది, అయిపోతాదిలే అని..."

అక్కడ ఆగిపోయాడు.

ఆ మాట అతను అనడం అది రెండోసారి. మొదటిసారి పైకి అనలేదు, మనసులో అనుకున్నాడు. ఎండు వేపచెట్టు మొదట్లో గొంతుక్కూర్చుని అనుకున్నాడు.

రంపం చేతిలోంచి జారి పొట్టులో పడింది. దస్తగిరి ఆ కానుగ తుండు పక్కనే కూలబడ్డాడు. ఏడుపు వెంటనే రాలేదు. ముందు మాట వచ్చింది.

"ఆ పొద్దు గూడా వినపడింది స్వామీ."

పీరుస్వామి లేచి మోకాళ్లు పట్టుకుంటూ దగ్గరికి వచ్చాడు.

"హుసేనప్పది కంచు గొంతు. కొండ అవతలికి గూడా వినపడతాది. ఆపు దస్తగిరీ అని రెండుమాట్లు అన్న్యాడు. నేను విన్న్యా. ఇంకో రెండు వేళ్లే గదా అనుకున్న్యా. రంపం పట్టుకుంటే అద్దె మిషను పాడైతాది అనుకున్న్యా. మూడోమాటు ఆయప్ప పిలవల్యా స్వామీ."

అప్పుడు ఏడ్చాడు. ఏడాదిగా మాబున్ని ఇంటి ముందు, సమాధి ముందు, ఉరుసు పందిట్లో ఎక్కడా రాని ఏడుపు అది. పీరుస్వామి ఓదార్చలేదు. నీ తప్పేం లేదని అనలేదు. ఆశ్చర్యం కూడా చూపించలేదు. పక్కన కూర్చుని, భుజం మీది తుండుగుడ్డతో అతని తలలో, కనురెప్పల మీద పడిన రంపపు పొట్టు దులుపుతూ పోయాడు.

ఓబులేసు నీళ్ల సీసాతో వచ్చాడు. ఇద్దరినీ అలా చూసి, ఏమడగాలో తెలియక, తెలిసినదే అడిగాడు.

"ఇంతకీ ఏది పెట్టిపొమ్మంటారు స్వామీ?"

"ఆ తేలికది పెట్టిపో నాయనా. దోవ తెరిచేదానికి అది చాలు. ఇంకో బ్యాటరీ గూడా పంపియ్యి."

ఓబులేసు పెట్రోలు రంపం భుజాన వేసుకుని దిగిపోయాడు. పీరుస్వామి సీసా మూత తీసి దస్తగిరి చేతిలో పెట్టాడు. అతను రెండు గుక్కలు తాగేదాకా ఆగి, చేతికర్ర అందుకుని లేచాడు.

"లెయ్."

"యాడికి స్వామీ?"

"మాబున్ని కాడికి."

దస్తగిరి లేవలేదు. "వద్దు స్వామీ. ఆమె తట్టుకోల్యాదు. ఇంగ నన్ను గడప తొక్కనీదు."

"తొక్కనీకపోవచ్చు."

"మరి ఎందుకు స్వామీ?"

పీరుస్వామి దిగువన ఊరి వైపు చూశాడు.

"ఏడాది నుంచి ఆ యమ్మ ఇనుమును తిడతాంది నాయనా. తిట్టుకునేదానికి ఆమెకొక మనిషిని ఇద్దాం, పా."