మైనం తీసిన అన్నదమ్ములు

ఆ పింగాణీ కార్ఖానాలో తమకంటే బుర్రున్నవాళ్ళు లేరని తవిటయ్య, గవరయ్య, పైడయ్య అనే ముగ్గురు అన్నదమ్ములకు గట్టి నమ్మకం. మిగతావాళ్ళు చెప్పింది సగమే చేస్తారట, వీళ్ళేమో చెప్పింది చెప్పినట్టు చేస్తారట. చిక్కంతా అక్కడే వచ్చింది.

యజమాని హైమావతిగారు పింగాణీ పొడిని మైనంతో ముద్ద చేసి, అచ్చుల్లోకి ఎక్కించి, నూలు మిల్లుకు దారం జారే కొక్కేలు చేయిస్తారు. బట్టీలో కాల్చే ముందు ఆ మైనం తీసెయ్యాలి, లేకపోతే పగిలిపోతాయి. అందుకే ఒంటిమీది బంగారం అమ్మి కొత్త యంత్రం కొన్నారు. అందులో సోడా గ్యాసును గట్టిగా అదిమి వేడిచేస్తే, గాలీ కాదు, నీళ్ళూ కాదు అన్నట్టు తయారై, కొక్కెంలోకి దూరి మైనాన్ని లాక్కుపోతుంది. సోమవారానికి పది మంచి కొక్కేలు చూపిస్తేనే మిల్లువాళ్ళ ఆర్డరు. లేదంటే కార్ఖానాకు తాళమే.

ఆదివారం ఆవిడ మిల్లు మేనేజరును తీసుకురావడానికి వెళ్తూ నాలుగు మాటలు చెప్పారు. ఒత్తిడి దించేటప్పుడు మెల్లగా. మైనం పోయాక కొక్కేలు సుద్దముక్కల్లా ఉంటాయి, చేత్తో ముట్టుకోవద్దు. అచ్చుల్లోంచి తీసిన పన్నెండు కొక్కేలూ కలిపి వంద గ్రాములు, అది ఎనభై అయిదుకు దిగాలి. బట్టీలోకి వెళ్ళేదాకా విరక్కూడదు.

మెల్లగా అన్నారు కదా, ఇంకేముంది! ముగ్గురూ మెల్లగా నడిచారు, మెల్లగా మాట్లాడుకున్నారు. పైడయ్యకు తుమ్మొస్తే అదీ మెల్లగా తుమ్మమన్నారు. అదృష్టం బాగుండి మైనమంతా పోయింది.

చెయ్యి తగలకూడదని గవరయ్య కాళ్ళు శుభ్రంగా కడుక్కుని, బల్లెక్కి కూర్చుని, కాలివేళ్ళతో ఒక్కొక్కటే తీసి తూకంలో పెట్టాడు. సరిగ్గా ఎనభై అయిదు. ఆ సంబరంలో కాలు ఝాడించాడు. అంతే, ఒకటి పొడైపోయింది.

మొదట విరగనిది ఇప్పుడెందుకు విరిగిందని పైడయ్య తెగ ఆలోచించాడు. లోపల పట్టుకునుండే మైనం లేకపోబట్టే కదా! కరెంటు పోతే వెలిగించే కొవ్వొత్తులన్నీ కరగబెట్టి, మిగిలిన పదకొండూ అందులో ముంచారు. గవరయ్య కాలివేళ్ళు బొబ్బలెక్కాయి గాని చెయ్యి మాత్రం తగలనివ్వలేదు. పైపైన కూడా మైనం పట్టేసి, ఒకటి తగ్గినా తూస్తే మళ్ళీ వందకు వంద.

సోమవారం పొద్దున హైమావతిగారు మేనేజరుతో వచ్చి చూసి అక్కడే కూలబడ్డారు.

“బరువు తగ్గాలని చెప్పాను కదా, తవిటయ్యా.”

“తగ్గింది గదండమ్మా. తగ్గినాకే పెంచినాం.”

మేనేజరు కళ్ళలో నీళ్ళొచ్చేదాకా నవ్వాడు. మంచి మనిషి, బుధవారం దాకా ఆగుతానన్నాడు. హైమావతిగారికి పోయిన ప్రాణం లేచొచ్చింది. మళ్ళీ మొదటినుంచి చెయ్యండని అన్నదమ్ములకు చెప్పి, ఆయనకు కాఫీ పెట్టడానికి వెళ్ళారు.

కాఫీ చేతికిచ్చేలోగా లోపల దంపుళ్ళ చప్పుడు. పరిగెత్తి వెళ్ళి చూస్తే, పదకొండు కొక్కేలనూ అచ్చులనూ రోట్లో వేసి ముగ్గురూ చెమటలు కారేలా దంచుతున్నారు.

“మొదట్లో పొడే గదండమ్మా,” అన్నాడు తవిటయ్య. “అచ్చులు కూడా అప్పటికింకా లేవు.”