తీపి తెలియని పిల్లికి తీరని దాహం

అనగనగా ఒక అడవి. ఆ అడవి అయిపోయి, ఊరింకా మొదలుకాని చోట ఒక విడిది బంగళా ఉండేది. ఆ బంగళాలో ఒక పిల్లి. దాని పేరు గుమ్మడి. నారింజ రంగులో గుండ్రంగా ఉండి, కదలమంటే బద్ధకించే పిల్లికి అంతకంటే మంచి పేరు దొరకదు కదా. పేరు పెట్టింది పైడితల్లి. బంగళాకి వచ్చేవాళ్లకి వండిపెట్టడం, గదులు ఊడవడం ఆవిడ ఉద్యోగం. గుమ్మడికి అన్నం పెట్టడం మాత్రం ప్రేమకొద్దీ చేసేది.

అన్నం అన్నానని పెరుగన్నం అనుకునేరు. గుమ్మడి తినేది డబ్బా తిండి. ఒకసారి బంగళాలో దిగిన పట్నం ఆవిడ ఒకరు దాన్ని చూసి ముచ్చటపడి, అప్పట్నించీ సరుకుల జీపులో పిల్లుల డబ్బాలు పంపించేది. వాటిలో రెండు రకాలు. ఒకటి పులుసు డబ్బా. అందులో చిక్కటి పులుసు, పులుసులో చేపముక్కలు. రెండోది ముద్ద డబ్బా. ఉత్త మాంసాన్ని మెత్తగా చేసి అదిమి పెట్టిన ముద్ద. పులుసు డబ్బా మూత తీస్తే వాసన వీధి గుమ్మం దాకా వచ్చేది. ముద్ద డబ్బా తీస్తే అంత సందడేమీ ఉండదు.

గుమ్మడి పులుసు డబ్బానే తినేది. తినేది అనడం కూడా తప్పే. పులుసంతా నాకేసి, ముక్కల్ని పళ్లెంలో వదిలేసి, మూతి తుడుచుకుంటూ వెళ్లిపోయేది. ముద్ద పెడితే వాసన చూసి, కంపును మట్టితో కప్పుతున్నట్టు ముందుకాలితో నేలని గీకి, ఇదా నాకు పెట్టేది అన్నట్టు పైడితల్లి మొహంలోకి చూసేది. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? ముద్ద డబ్బాలన్నీ బల్ల కిందికి నెట్టేసి, పులుసు డబ్బాలు చేతికందే చోట పెట్టుకుంది. ఇంట్లో ఎవరు ఎవరిని పెంచుతున్నారో మీరే చెప్పండి.

ఒక ఏడాది ఎండలు ముదిరే వేళకి గుమ్మడికి దాహం పట్టుకుంది. మామూలు దాహం కాదు. సత్తుగిన్నె నిండా నీళ్లు పోస్తే ఖాళీ చేసేది. మళ్లీ పోస్తే మళ్లీ ఖాళీ. అది చాలక కుళాయి కింద బకెట్లో మూతి పెట్టేది. తాగిందంతా ఇసుక కుప్ప దగ్గర పోసి రావడం, వచ్చి మళ్లీ తాగడం. పగలంతా అదే పని.

ఆకలీ అలాగే ఉంది. ఎంత తిన్నా ఒంటికి పట్టడం లేదు. గుమ్మడికాయ కాస్తా పొట్లకాయ అయింది. అన్నిటికంటే బాధ, వెనక కాళ్లు పట్టు తప్పాయి. మడమలు నేలకి ఆనించి, చతికిలబడుతూ నడిచేది. ఒకప్పుడు ఒక్క గంతులో ప్రహరీ గోడ ఎక్కే పిల్లి ఇప్పుడు గోడ కింద నిలబడి, పైకి చూసి, వెనక్కి వచ్చేసేది.

గోడ అవతల అడవి, అడవిలో ఒక నక్క. ఈమధ్య ఆ నక్కకి గుమ్మడి ఆరోగ్యం మీద ఎక్కడలేని శ్రద్ధ పుట్టింది. రోజూ సాయంత్రం గేటు సందులోంచి తల దూర్చి, "కాళ్లెలా ఉన్నాయి బావా?" అని అడిగి మరీ వెళ్లేది. ఆ ప్రేమకి అర్థం గుమ్మడికి తెలుసు. గోడ ఎక్కలేని పిల్లి అడవి అంచున ఎక్కువ కాలం బతకదు.

భయం వేసింది. వేయదా మరి? కానీ గుమ్మడిది చిత్రమైన బుద్ధి. దేన్ని చూసినా దానికి భయం కంటే ముందు ప్రశ్న పుట్టేది. ఇన్ని నీళ్లు తాగుతున్నానే, ఇవన్నీ ఎటు పోతున్నాయి? తాగిన నీళ్లకి దాహం ఎందుకు తీరడం లేదు? ఈ సంగతేదో తేల్చుకోవాలనుకుంది.

మొదట పనసచెట్టు మీది కొండముచ్చుని అడిగింది. కొండముచ్చు ఒళ్లు గోక్కుంటూ, ఇందులో ఆలోచించడానికేముంది, ఎండలు మండిపోతున్నాయి, చల్లటి చోట పడుకో, అదే పోతుంది అంది. గుమ్మడి వెళ్లి నీళ్ల తొట్టి నీడలో పడుకుంది. ఒళ్లు చల్లబడింది గానీ దాహం పోలేదు. అంతలో పెద్ద వాన వచ్చింది. రెండు రోజులు ముసురు పట్టింది. కొండముచ్చు కూడా చలికి ముడుచుకు కూర్చుంది. గుమ్మడి గిన్నె మాత్రం ఎప్పటిలాగే ఖాళీ అవుతూనే ఉంది.

'అయితే ఎండ కాదన్నమాట' అనుకుంది గుమ్మడి.

ఆ సాయంత్రం నక్క తనంతట తనే సలహా ఇచ్చింది.

"నీ జబ్బేమిటో నేను చెప్పనా బావా? నీళ్లే నీ జబ్బు. తాగేకొద్దీ దాహం పెరుగుతుంది. తాగడం మానేశావంటే దాహం అలిగి వెళ్లిపోతుంది."

ఆ మాటలో కాస్త న్యాయం ఉన్నట్టే కనిపించింది. నక్క చెప్పింది కదా అని అనుమానం రావాలి, నిజమే. కానీ జబ్బుతో విసిగిపోయినవాళ్లకి ఎవరి మాటైనా ఒకసారి చేసి చూద్దామనిపిస్తుంది. మర్నాడు పొద్దున్నుంచీ గుమ్మడి గిన్నె వైపు పోలేదు. ఎండ నడినెత్తికి వచ్చేసరికి నాలుక అంగిటికి అతుక్కుపోయింది. కళ్లు బైర్లు కమ్మాయి. వరండాలో పడిపోయింది. కళ్లు సగం తెరిచి చూస్తే, నక్క గేటు దాటి, మెట్టు దాకా వచ్చి ఉంది.

అదే సమయానికి పైడితల్లి చీపురు పట్టుకుని బయటికి వచ్చింది. నక్క ఒక్క ఉరుకులో మాయమైంది. ఆవిడ గుమ్మడి తల ఒళ్లో పెట్టుకుని, తడిగుడ్డతో మూతి తడిపి, చేతి దొప్పలో కాసిని కాసిని నీళ్లు పట్టింది.

"ఏటిరా తండ్రీ, ఏటైపోనావురా," అంటూ ఏడ్చింది.

నీళ్లు లోపలికి వెళ్లాక గుమ్మడికి ప్రాణం కుదుటపడింది. దాంతోపాటు ఒక సంగతి అర్థమైంది. తాగడం మానేస్తే దాహం పోలేదు, తనే పోబోయింది. కాబట్టి నీళ్లు జబ్బు కాదు. జబ్బు వేరే ఎక్కడో ఉంది.

ఆ రోజు ఇసుక కుప్ప దాకా వెళ్లే ఓపిక లేక వరండా మూలనే తడిపేసింది. సిగ్గుతో మొహం తిప్పుకుని పడుకుంది. కాసేపటికి ఎందుకో తల ఎత్తి చూస్తే, ఆ మూలకి నల్లచీమలు బారు కట్టి వస్తున్నాయి. గుమ్మడి చెవులు నిక్కపొడుచుకున్నాయి. చీమల బారు ఎక్కడ మొదలైందా అని చూపుతో వెంట పోయింది. పొద్దున్న తను నాకి వదిలేసిన పులుసు పళ్లెం దగ్గర ఒక గుంపు. వరండా మూల ఒక గుంపు. పులుసు తింటూనే ఉంటుంది గానీ ఒళ్లు చిక్కిపోతోందని, రుచి మారితే నయమేమోనని పైడితల్లి పక్కనే ఇంకో పళ్లెంలో ముద్ద కూడా పెట్టింది. దాని మీద ఒక్క నల్లచీమ లేదు.

గుమ్మడి ఒక చీమ దారికి అడ్డంగా కాలు పెట్టింది.

"ఆగు పిన్నీ. పులుసంటే సరే. నేను తడిపిన చోట మీకేం పని?"

"తీపి మావా," అంది చీమ, కాలు చుట్టూ తిరిగి వెళ్లబోతూ.

"తీపంటే ఏమిటి?"

చీమ ఆగిపోయింది. ఆ ప్రశ్న దాన్ని అంతవరకూ ఎవరూ అడగలేదు.

పిల్లలూ, మీరు నవ్వకండి. పిల్లి నాలుకకి తీపి తెలియదు. మీ చేతిలో మిఠాయి దానికి ఉత్త గడ్డ. అంచేత గుమ్మడి పుట్టిన దగ్గర్నించీ పులుసు నాకుతున్నా, అందులో తీపి ఉందన్న సంగతే దానికి తెలియలేదు. దానికి తెలిసిందల్లా చేప వాసన, నోట్లో జారిపోయే ఆ చిక్కదనం.

చీమ తనకి చేతనైనట్టు చెప్పింది. తీపంటే మేం దేనికోసం ఎంత దూరమైనా పోతామో అది. నువ్వు నాకే పులుసులో ఉంది. నువ్వు తడిపిన చోటా ఉంది. మధ్యలో నీ ఒంట్లో ఏం జరుగుతోందో అది నాకు తెలియదు.

"మరి ముద్దలో?"

"అది ఎర్రచీమల భోజనం. అందులో మాకేముంది?" అని, చీమ ఒక్క క్షణం ఆగి గొంతు తగ్గించింది. "మావా, నీకు నయమైతే మా విందు పోతుంది. నేనీ మాట చెప్పానని మావాళ్ల దగ్గర అనకు."

ఆ సాయంత్రం పైడితల్లి పులుసు డబ్బా మూత తీసింది. గుమ్మడికి నోరూరింది. నాలుక దానంతటదే బయటికి వచ్చింది. అయినా గుమ్మడి పళ్లెం దగ్గరికి వెళ్లి, ముందుకాలితో నేలని గీకింది. పులుసుకి! పైడితల్లి తన కళ్లని తనే నమ్మలేకపోయింది. గుమ్మడి కాళ్లీడ్చుకుంటూ బల్ల కిందికి దూరి, ఒక ముద్ద డబ్బాకి ఆనుకుని కూర్చుంది. మళ్లీ అక్కణ్ణించి లేచి, వరండా మూల చీమల పక్కన కూర్చుంది. పైడితల్లి కొంగు దోపుకుని, వంగి చూసింది.

"ఓలమ్మా! మాయత్తకీ ఇలాగే చీమలు పట్టీవి. సుగరన్నాడు డాక్టరుబాబు."

మర్నాడు సంత. సంత రోజున పశువుల డాక్టరు వస్తాడు. పైడితల్లి గుమ్మడిని బుట్టలో పెట్టుకుని, రెండు రకాల డబ్బాలూ సంచిలో వేసుకుని బయల్దేరింది. ఆవులు, మేకల మధ్య పిల్లి బుట్టని చూసి కొందరు నవ్వారు. డాక్టరు నవ్వలేదు. గుమ్మడి చెవి అంచున సూదితో చిన్నగా పొడిచి, రక్తపు చుక్కని మిషన్‌కి అంటించి చూశాడు. చూసి, తల పంకించాడు.

"చక్కెర జబ్బేనమ్మా. ఒంట్లో చక్కెర పేరుకుపోయింది. దాన్ని బయటికి తోసెయ్యడానికి ఒళ్లు నీళ్లన్నీ ఖర్చుపెడుతోంది. అందుకే అంత దాహం."

బుట్టలో గుమ్మడి తల పైకెత్తింది. నీళ్లన్నీ ఎటు పోతున్నాయో ఇన్నాళ్లకి తెలిసింది! కాళ్లు పట్టు తప్పిన దిగులు కూడా ఆ క్షణాన మర్చిపోయింది.

డాక్టరు రెండు డబ్బాలూ తెరిపించాడు. పులుసు వేళ్ల మధ్య రుద్ది చూస్తే బంకగా సాగింది. ఈ చిక్కదనం పిండిదని, పైగా చక్కెర కూడా కలిపారని, ఈ పిల్లికి ఇది పనికిరాదని చెప్పాడు. ముద్దలో అవి లేవు, పైగా తేమ ఉంది, రోజూ అదే పెట్టమన్నాడు. పూటకొకటి చొప్పున ఇంజెక్షను ఎలా వెయ్యాలో నేర్పించాడు. గిన్నెలో నీళ్లు ఎప్పుడూ ఉండాలన్నాడు. తిండి మారింది కాబట్టి మందు తగ్గించాల్సి రావచ్చు, మీరు సొంతంగా మార్చకండి, వచ్చే సంతకి మళ్లీ తీసుకురండి అన్నాడు.

మొదట్లో ముద్ద తింటుంటే గుమ్మడికి గోడ నాకుతున్నట్టుండేది. ఇంజెక్షనంటే సూది నొప్పి కంటే పరువు నొప్పి ఎక్కువ. అయినా ఓర్చుకుంది. సంతలు గడిచాయి. డాక్టరు మందు తగ్గించాడు. మడమలు నేల వదిలి పైకి లేచాయి. కొండముచ్చు పనసచెట్టు మీంచి చూసి, ఎండలు తగ్గాయి కదా, నేను చెప్పలేదూ అంది.

ఒక సాయంత్రం పైడితల్లి, ఇంక వీటితో పనేముందని మిగిలిన పులుసు డబ్బాలన్నీ తెరిచి, గోడ అవతలి చెత్తగుంటలో పారబోసింది. ఆవిడ అటు వెళ్లగానే నక్క గేటు సందులో తల పెట్టింది.

"నీ పులుసంతా గుంటలో ఉంది బావా. చేపముక్కలతో సహా. నేను ముట్టుకోలేదు, నీకోసమే ఉంచాను. ఒక్కసారికి ఏమవుతుంది? రా."

గాలి అటునించే వీస్తోంది. ఆ వాసన ముక్కుకి తగిలేసరికి గుమ్మడికి ఒళ్లు తెలియలేదు. ఎప్పుడు గేటు దాటిందో తనకే తెలియదు. గుంట ఇంకా కొంచెం దూరంలో ఉంది. కాళ్ల కింద ఏదో గిలిగింతలు పెడితే వంగి చూసింది. నల్లచీమలు. వెడల్పాటి బారు కట్టి, ఒకదాన్నొకటి తోసుకుంటూ గుంట వైపు పరుగెడుతున్నాయి. గుమ్మడిని పలకరించే తీరిక ఒక్కదానికీ లేదు.

గుమ్మడి ఆగిపోయింది.

"ఏం బావా, నిలబడిపోయావు?"

"నాలుక వెళ్లమంటోంది," అంది గుమ్మడి. "కానీ ఈ విషయంలో నా నాలుకకి ఏమీ తెలియదు."

అని వెనక్కి తిరిగింది. చేతికందిన భోజనం వెళ్లిపోతుంటే నక్కకి మర్యాద గుర్తుంటుందా? ఒక్క దూకు దూకి గేటుకి అడ్డం వచ్చింది. ఇంక మిగిలింది గోడే. గుమ్మడి గోడ మీదికి గెంతింది. ముందుకాళ్ల గోళ్లు అంచుకి దిగాయి. వెనక కాళ్లు జారాయి. నక్క ఊపిరి తోకకి వెచ్చగా తగిలింది. గుమ్మడి ఉన్న బలమంతా కాళ్లలోకి తెచ్చుకుని మళ్లీ తన్నింది. ఈసారి కాళ్లు పట్టు ఇచ్చాయి. పైకి చేరింది. నక్క నోట్లో నాలుగు నారింజ వెంట్రుకలు మాత్రం మిగిలాయి.

గుంట దాకా వెళ్లి ఉంటే గోడ అందేది కాదు. గోడ మీద కూర్చుని, గుండె దడ తగ్గేదాకా గుమ్మడి ఆ సంగతే ఆలోచించింది.

తర్వాత లోపలికి దిగి, ముద్ద తిని, ఇంజెక్షను వేయించుకుని, గిన్నె దగ్గరికి వెళ్లి నీళ్లు తాగింది. తాగి, ఆపింది. మూతి తుడుచుకుని వెళ్లి గుమ్మంలో పడుకుంది. పైడితల్లి అలవాటు కొద్దీ గిన్నె నింపడానికి చెంబుతో వచ్చి, వంగి, అలాగే నిలబడిపోయింది. గిన్నెలో నీళ్లు మిగిలి ఉన్నాయి. ఆవిడ సంతోషం పట్టలేక అక్కడే కూలబడి ఏడ్చింది.

నీతి: నోటికి నచ్చిందల్లా ఒంటికి మంచిది కాదు. మనకి తెలియనిదాన్ని తెలిసినవాళ్లని అడిగి తెలుసుకోవాలి, తెలుసుకున్నాక ఆ మాట మీద నిలబడాలి.