ఎవరి మాట ముందుది?

నీనియన్‌కు రెండు రోజులుగా తిండి సయించడం లేదు.

స్కాట్లండు సముద్రతీరాన ఉన్న ఆ చిన్న మఠంలో, మాటల పుట్టుపూర్వోత్తరాలు తెలిసినవాడని అతనికి పేరు. పేరుతోపాటు కాస్త పొగరూ వచ్చింది. నిరుడు సముద్రం దాటి, ఫ్రీసియా దేశం నుంచి వీబె అనే యువ సన్యాసి వచ్చి చేరాడు. పాతదాన్ని ఇక్కడ 'ఆల్డ్' అంటారు, వీబె దేశంలోనూ ఆల్డే. తడిసినదాన్ని ఇక్కడ 'వీట్' అంటారు, అక్కడా ఇంచుమించు అంతే. మరొకడైతే చుట్టం దొరికాడని సంబరపడేవాడు. నీనియన్ మాత్రం మొన్న భోజనాల బల్ల దగ్గర అందరూ వింటుండగా, "మా మాటలే ఎత్తుకెళ్ళి, అరగ్గొట్టి తెచ్చావు కదయ్యా!" అన్నాడు. అందరూ నవ్వారు.

వీబె బల్ల దగ్గర నుంచి లేచి వెళ్ళిపోయాడు. రేపు ఉన్ని మూటలతో వెళ్ళే పడవలో తన దేశం వెళ్ళిపోతానని మఠాధిపతి ఫాదర్ కోల్మన్‌తో చెప్పేశాడు.

తప్పు తనదేనని నీనియన్‌కు తెలుసు. కానీ తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషాయె. గురువు దగ్గరికి వెళ్ళాడు.

"మీరే తేల్చండి ఫాదర్. ఆ మాటలు ముందు మనవా, వాళ్ళవా? వాళ్ళవే అయితే వీబెను క్షమించమని అడుగుతాను."

"మనవే అయితే?"

నీనియన్ అంగీ చేతులు సవరించుకున్నాడు.

"సాయంత్రం కాళ్ళు కడిగే వేళకు రా," అన్నాడు ఫాదర్.

వారమంతా వంట చేసినవాడు శనివారం సాయంత్రం తోటివాళ్ళ కాళ్ళు కడగడం ఆ మఠంలో ఆచారం. పొయ్యి మీద నీళ్ళు కాచి మరీ కడుగుతారు. ఆవేళ మాత్రం ఫాదరే నడుం బిగించాడు. నీనియన్‌నూ వీబెనూ ఒకే బల్ల మీద పక్కపక్కన కూర్చోబెట్టాడు. ఇద్దరూ చెరో గోడకేసి చూస్తున్నారు. ముందు పెద్ద చెక్కతొట్టి పెట్టి, "దించండి" అన్నాడు.

నాలుగు కాళ్ళూ ఒకేసారి దిగాయి.

"కాల్డ్!"

అప్పుడే బావిలోంచి తోడిన చలికాలపు నీళ్ళవి. చల్లనిదానికి రెండు దేశాల్లోనూ అదే మాట. కళ్ళు మూసుకుని విన్నవాడు అరిచింది ఒక్కడేననుకునేవాడు. వీబె పళ్ళు టకటకలాడుతుండగానే ఫక్కున నవ్వాడు. నీనియన్‌కూ నవ్వొచ్చింది గానీ బిగబట్టుకున్నాడు.

"ఇంతకీ ఆ మాట ముందు అన్నదెవరు ఫాదర్?"

ఫాదర్ తువ్వాలు దులిపాడు.

"ఎవరో నాకు తెలియదు నాయనా. వాడికి చలేసిందని మాత్రం తెలుసు."

సిగ్గుతో నీనియన్ ముఖం ఎర్రబడింది. గురువు చేతిలోని తువ్వాలు అందుకుని, తన కాళ్ళ నుంచి నీళ్ళు కారుతుండగానే నేల మీద కూర్చుని, వీబె పాదాలు ఒళ్ళోకి తీసుకున్నాడు.